ఈ నెల నేను వింటున్న రాక్, మెటల్ ఆల్బమ్‌లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో, రాక్ సంగీతం, దానిలోనే బరువైన శాఖ అయిన మెటల్ ఇష్టపడే పాఠకులు ఈ మధ్య ఏయే ఆల్బమ్‌లు వింటున్నారో రాయవలసిందిగా కోరాను. తమ జాబితాలు పంపినవారిలో చాలామంది అదే ప్రశ్నను నన్నూ అడిగారు, కొందరు సందేహాలూ జతచేశారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక అధ్యాపకురాలు): మీరు ప్రస్తుతం మళ్లీ మళ్లీ వింటున్న ఆల్బమ్‌లు ఏవి? వాటిని ఏ పద్ధతిలో వింటారు?

జవాబు: ఇప్పుడు నా దగ్గర ఆరు ఆల్బమ్‌లు వంతులవారీగా తిరుగుతున్నాయి. బ్లాక్ సబ్బాత్ వారి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ (1971), డీప్ పర్పుల్ వారి ‘మెషీన్ హెడ్’ (1972), మెటాలికా వారి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ (1986), టూల్ వారి ‘లాటరాలస్’ (2001), మన దేశం నుంచి ఆగమ్ వారి ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’ (2017), బ్లడీవుడ్ వారి ‘రక్షక్’ (2022).

ఒక్కో ఆల్బమ్‌కు ఒక్కో వారం కేటాయించుకుంటాను. రాత్రి ఇంట్లో పనులన్నీ ముగిసిన తరువాత, దీపం తగ్గించి, మొదటి పాట నుంచి చివరి పాట వరకు వరుస తప్పకుండా వింటాను. మొదటి రెండు రోజులు పాటలు మాత్రమే వినిపిస్తాయి. మూడో రోజు నుంచి బేస్ గిటార్ (మంద్ర స్వరాలు పలికే గిటార్) ఎక్కడ ఆగుతోందో, డ్రమ్స్ ఏ దెబ్బను కావాలని ఆలస్యం చేస్తున్నాయో, ఒక పాట ముగిసిన శ్రుతికీ తరువాతి పాట మొదలైన శ్రుతికీ మధ్య సంబంధమేమిటో తెలియడం మొదలవుతుంది. ఈ సంగీతంలోని బరువు కేవలం పెద్ద శబ్దం వల్ల వచ్చేదైతే ఒక్కసారి వినగానే అందులో కొత్తదనం అయిపోవాలి. అలా అయిపోకపోవడానికి ఆ బరువు వెనుక చేతిపని ఉండడమే కారణమని ఇన్నేళ్లుగా విన్న మీదట నాకు కలిగిన నమ్మకం. కింది జవాబుల్లో చాలావరకు దానినే వివరించే ప్రయత్నం చేశాను.

ప్రశ్న (విశాఖపట్నం ఉక్కునగరం నుంచి ఒక కార్మికుడు): బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు కూడా మాలాగే లోహపు పనిచేసిన కార్మికుడని, ఆ పనిలో వేళ్లు పోగొట్టుకున్నాడని విన్నాను. అది నిజమేనా? ఆ ప్రమాదానికీ ఆయన సంగీతానికీ సంబంధం ఉందా?

జవాబు: నిజమే. సంబంధం కూడా చాలా దగ్గరిదే. టోనీ అయోమీ 1948లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. పదిహేడేళ్ల వయసులో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ, సంగీతాన్నే వృత్తిగా ఎంచుకుని ఆ పని మానేయాలనుకున్న చివరి రోజున, యంత్రం కింద చెయ్యి పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు పోగొట్టుకున్నాడు. ఆయన ఎడమచేతి వాటం మనిషి. అంటే ఎడమచేత్తో తీగలను మీటుతాడు, కుడిచేతి వేళ్లతో వాటిని నొక్కుతాడు. పోయినవి సరిగ్గా తీగను నొక్కే వేళ్ల కొసలే.

దిగులుగా ఉన్న ఆ కుర్రవాడికి కర్మాగారంలోని పైఅధికారి ఒకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా గొప్ప జాజ్ గిటారిస్టుగా నిలిచినవాడు రైన్‌హార్ట్. ఆ తరువాత అయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేలి కొసకు సరిపడేలా తొడుగులు మలుచుకుని, తీగ మీద జారిపోకుండా వాటికి తోలు ముక్కలు అంటించుకున్నాడు. తొడుగు వేసుకున్న వేలికి తీగ స్పర్శ తెలియదు, గట్టిగా బిగించిన తీగను నొక్కితే నొప్పి పుడుతుంది. అందుకని సన్నటి తీగలు వెతుక్కున్నాడు. ఆపైన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ నాటికి కొన్ని పాటల్లో గిటార్ శ్రుతిని మామూలు స్థాయి నుంచి మూడు స్వరస్థానాలు కిందికి దించాడు. గిటార్‌లో అన్నిటికంటే మందమైన తీగ సాధారణంగా సెకనుకు సుమారు 82 కంపనాలతో మోగుతుంది. మూడు స్థానాలు దించితే అది సుమారు 69కి చేరుతుంది. తీగ వదులవుతుంది, వేలికి శ్రమ తగ్గుతుంది, నాదం మాత్రం పాతాళం నుంచి వస్తున్నట్టుగా మారుతుంది. బేస్ వాయించే గీజర్ బట్లర్ కూడా అదే శ్రుతికి దిగాడు. ఈనాడు మెటల్ బృందాలు శ్రుతి దించి వాయించడం మామూలైపోయింది. ఆ అలవాటుకు మూలం ఒక కార్మికుడి గాయపడిన వేళ్లని తెలిసి వింటే, ‘ఇన్‌టు ది వాయిడ్’ పాట మొదట్లో నెమ్మదిగా కదిలే ఆ గిటార్ వరుస వేరుగా వినిపిస్తుంది.

ఈ ఆల్బమ్ మొత్తం 34 నిమిషాలే. ఇంత బరువైన పాటల నడుమ ‘ఆర్కిడ్’ అనే నిమిషంన్నర గిటార్ ముక్కను, ‘సాలిట్యూడ్’ అనే మెత్తటి పాటను ఉంచారు. ‘సాలిట్యూడ్’లో వినిపించే ఫ్లూటు కూడా అయోమీదే. ఆ నెమ్మదితనం లేకపోతే తరువాత వచ్చే పాట బరువు మనకు సగమే తెలిసేది.

గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ 2025 జూలై 5న, తాము పెరిగిన ఆస్టన్ ప్రాంతంలోని విల్లా పార్క్ మైదానంలో, సింహాసనం వంటి కుర్చీలో కూర్చుని, మొదటి నాటి ముగ్గురు సహచరులతో కలిసి నాలుగు పాటలు పాడి సెలవు తీసుకున్నాడు. అదే నెల 22న కన్నుమూశాడు. అప్పటి నుంచి ఈ ఆల్బమ్ నా వంతుల్లోంచి బయటికి వెళ్లలేదు.

ప్రశ్న (వరంగల్ నుంచి గిటార్ నేర్చుకుంటున్న విద్యార్థి): మెటల్ పాటల్లో పవర్ కార్డులే ఎందుకు అంత ఎక్కువగా వాడతారు? మా గురువుగారు నేర్పే మేజర్, మైనర్ కార్డులు అక్కడ ఎందుకు పెద్దగా వినిపించవు?

జవాబు: మన తంబురాను తలచుకుంటే ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. కార్డు అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపు. పవర్ కార్డులో ఉండేవి షడ్జమం (స), పంచమం (ప) మాత్రమే. గాంధారం (గ) ఉండదు. పాశ్చాత్య సంగీతంలో ఒక కార్డు మేజరో మైనరో తేల్చేది గాంధారమే కనుక, అది లేని పవర్ కార్డు రెండింటికీ చెందదు. తంబురా మీద ‘ప స స స’ ఏ రాగానికైనా ఆధారమైనట్టే, ఇది కూడా ఖాళీగా, గంభీరంగా నిలబడుతుంది.

రెండో కారణం ఆంప్‌లో, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్‌లో ఉంది. ఆంప్‌ను దాని సామర్థ్యానికి మించి నడిపినప్పుడు ధ్వని తరంగాల శిఖరాలు కోసుకుపోయి, తీగ మీద వాయించని కొత్త నాదాలు కూడా పుట్టుకొస్తాయి. రెండు స్వరాలను కలిపి వాయిస్తే వాటి కంపనాల తేడాకు సమానమైన మరో నాదం కూడా వినిపిస్తుంది. షడ్జమ పంచమాల నిష్పత్తి రెండుకు మూడు. మూడులోంచి రెండు తీసేస్తే ఒకటి, అంటే కింది స్థాయి షడ్జమం. వాయించిన రెండు స్వరాల కింద, ఎవరూ వాయించని మంద్ర షడ్జమం వచ్చి నిలుస్తుందన్నమాట. అందుకే ఆ కార్డుకు అంత బరువు. గాంధారాన్ని కూడా చేర్చి అదే ఆంప్‌లో వాయించి చూడండి. పుట్టుకొచ్చే నాదాలు ఒకదానితో ఒకటి పొసగక గజిబిజి అవుతుంది.

మరొక ముచ్చట. బ్లాక్ సబ్బాత్ 1970లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో బృందం పేరుతోనే ఉన్న పాటలో, గిటార్ షడ్జమాన్ని, తారషడ్జమాన్ని పలికి, అక్కడి నుంచి పంచమానికి రాకుండా దానికి ఒక్క స్థానం కింద ఉండే ప్రతిమధ్యమం మీద వాలి వణుకుతూ ఆగుతుంది. ఆ పాటలోని భయమంతా ఆ ఒక్క స్వరంలోనే ఉంది. అదే ప్రతిమధ్యమం మన కల్యాణి రాగంలో ఎంత మంగళకరంగా ఉంటుందో మీకు తెలుసు. కల్యాణిలో దానికి అటు గాంధారం, ఇటు పంచమం తోడుంటాయి. ఈ పాటలో దానిని ఒంటరిగా వదిలేశారు. మీరు గిటార్ మీద ముందు కల్యాణి ఆరోహణ వాయించి, వెంటనే ఈ మూడు స్వరాలూ వాయించండి. స్వరం ఒక్కటే అయినా, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి దాని స్వభావం ఎంత మారిపోతుందో మీ చేతికే తెలుస్తుంది.

ప్రశ్న (విజయవాడ నుంచి మృదంగం నేర్చుకుంటున్న పాఠకుడు): టూల్ అనే బృందం పాటల్లో లెక్కలు మన తాళాల లెక్కల్లా ఉంటాయని స్నేహితులు అంటున్నారు. ఆ మాటలో ఎంత నిజముంది?

జవాబు: పోలిక ఉంది, అయితే ఎంతవరకో చూసుకోవాలి. టూల్ అమెరికాలోని లాస్ ఏంజిలిస్ బృందం. వారి డ్రమ్మర్ డానీ కేరీ తబలా కూడా అభ్యసించినవాడు. 2001లో వచ్చిన ‘లాటరాలస్’ ఆల్బమ్ నిడివి 79 నిమిషాలకు కొద్ది సెకన్లే తక్కువ, అంటే ఒక సీడీని దాదాపు నింపేస్తుంది. అదే పేరుతో ఉన్న పాట తొమ్మిది నిమిషాలు దాటుతుంది. మీరు ఆ పాటను మృదంగం పక్కన పెట్టుకుని వినాలి.

దాని పల్లవి భాగంలో లెక్క వరుసగా తొమ్మిది, ఎనిమిది, ఏడుగా తగ్గి, మళ్లీ తొమ్మిదికి వస్తుంది. మన లయశాస్త్రంలో ఇలా ఆవు తోకలాగా మొదట వెడల్పుగా ఉండి క్రమంగా సన్నబడే అమరికను గోపుచ్ఛ యతి అంటారని మీకు పాఠంలో వచ్చే ఉంటుంది. ఇంకో సంగతి గమనించండి. తొమ్మిది, ఎనిమిది, ఏడు కలిపితే ఇరవై నాలుగు, అంటే ఎనిమిదేసి అక్షరాల ఆది తాళం ఆవర్తనాలు సరిగ్గా మూడు. చేత్తో ఆది తాళం వేస్తూ, ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ లెక్కించి ఆ భాగాన్ని వినండి. మొదటి ముక్క సమం (ఆవర్తనం మొదలయ్యే చోటు) దాటి ఒక అక్షరం ముందుకు పోతుంది, రెండోది కూడా ఆ ఒక్క అక్షరం తేడాతోనే నడుస్తుంది, మూడోది ఆ అప్పు తీర్చి మిమ్మల్ని సమం మీదకు చేరుస్తుంది. అయితే ఆ బృందం ఆది తాళాన్ని మనసులో పెట్టుకుని దానికి ఎదురుగా ఈ లెక్క వాయించడం లేదు. వారికి తాళమే మారుతోంది. మనకు తాళం నిలకడగా ఉండి దాని మీద లెక్క కదులుతుంది. తేడా అక్కడుంది.

పాట మొదట్లో గాయకుడు మేనార్డ్ జేమ్స్ కీనన్ పలికే పాదాల్లోని అక్షరాలను లెక్కిస్తే 1, 1, 2, 3, 5, 8 అని పెరిగి, తరువాత 5, 3 అని తగ్గుతాయి. పెరిగే వరుసలో మొదటి రెండింటి తరువాత ప్రతి సంఖ్యా తన ముందున్న రెండింటి మొత్తం. పాశ్చాత్యులు దీనిని ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచ్చి పేరుతో పిలుస్తారు. ఆయన గ్రంథం 1202 నాటిది. అంతకు ముందే ఈ వరుస మన ఛందశ్శాస్త్రకారులకు తెలుసు. విరహాంకుడు, పన్నెండో శతాబ్దంలో హేమచంద్రుడు దీనిని స్పష్టంగా చెప్పారు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. ఒక మాత్రను నింపే మార్గం ఒకటే. రెండు మాత్రలను రెండు విధాలుగా, మూడింటిని మూడు విధాలుగా, నాలుగింటిని ఐదు విధాలుగా, ఐదింటిని ఎనిమిది విధాలుగా నింపవచ్చు. నాలుగు మాత్రలకు ఐదే మార్గాలు ఎందుకో తెలుగు పాఠం చదివిన ప్రతివారికీ తెలిసినదే. కందపద్యంలో వచ్చే గణాలు గగ, భ, జ, స, నల అనే ఆ ఐదే కదా! పాటలో లెక్కించేది పాదానికి ఎన్ని అక్షరాలని, మన శాస్త్రంలో లెక్కించేది ఎన్ని అమరికలని. ఈ భేదాన్ని మరవకుండానే, బడిలో గణవిభజన చేసిన తెలుగువాడికి ఈ పాట మరింత దగ్గరవుతుందని నేను అనుకుంటున్నాను. నేను దీనిని వంద సార్లు విని ఉంటాను. తొమ్మిది, ఎనిమిది, ఏడు ముగిసి మళ్లీ తొమ్మిది మొదలయ్యే చోట ఇప్పటికీ నా చేయి దానంతట అదే తొడ మీద తాళం వేస్తుంది.

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక తల్లి): మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. ఎప్పుడూ చెవుల్లో ఇయర్‌ఫోన్స్‌తో అరుపులు, కేకలున్న పాటలే వింటున్నాడు. ఆ బొమ్మలూ పేర్లూ చూస్తే భయంగా ఉంది. మాన్పించాలా?

జవాబు: అమ్మా, మీ భయం అర్థం చేసుకోదగినదే. మాన్పించే ముందు ఒకసారి అబ్బాయి పక్కన కూర్చుని, ఆ పాటల్లోని మాటలేమిటో చదివి చెప్పమని అడగండి. మీరు ఉత్తరంలో పేర్కొన్న ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ పాట మత్తుమందు గురించి. మత్తు తానే యజమానినని, తనకు లొంగిన మనిషి తన చేతిలో తోలుబొమ్మ అని చెప్పుకుంటున్నట్టుగా దానిని రాశారు. అందులో మత్తును పొగడడం లేదు, అది మనిషిని ఎలా కబళిస్తుందో చూపడమే ఉంది. మీరే పేర్కొన్న బ్లడీవుడ్ ఢిల్లీ బృందం. ‘రక్షక్’లోని ‘జీ వీరే’ మనోవ్యాకులతతో కుంగిపోయినవారికి ధైర్యం చెప్పే పాట, ‘దనా దన్’ ఆడవారి మీద జరిగే లైంగిక దాడుల పట్ల ఆగ్రహంతో రాసినది. అబ్బాయితో మాట మొదలుపెట్టడానికి ‘జీ వీరే’ను మించినది నాకు తోచడం లేదు, హిందీ, ఇంగ్లీషు తెలిస్తే మీకూ చాలావరకు అర్థమవుతుంది.

ఆ గొంతు అరుపు కాదు. స్వరతంత్రులకు పైన ఉండే మడతలను కూడా కంపింపజేసి, ఊపిరిని అదుపులో ఉంచుకుని చేసే సాధన అది. సాధన లేకుండా అనుకరిస్తే గొంతు దెబ్బతింటుంది కనుక అబ్బాయి ప్రయత్నిస్తుంటే మాత్రం వారించండి.

మీరు నిజంగా పట్టించుకోవలసినది శబ్దం స్థాయిని. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలు, పిల్లలు 75 డెసిబెల్స్ స్థాయిలో 40 గంటలు మించి వినరాదు. ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ సురక్షితంగా వినగలిగే కాలం సగానికి పడిపోతుంది. చాలా ఫోన్లలో స్థాయికి పరిమితి పెట్టే అమరిక ఉంటుంది, దానిని పెట్టించండి. ఇక అబ్బాయి తిండి, నిద్ర, స్నేహితులు, చదువు అన్నింటికీ దూరమవుతున్నట్టు కనిపిస్తే, వినే సంగీతం ఏదైనా సరే, ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని సంప్రదించండి. అలాంటిదేమీ లేకపోతే ఆ పాటలు విననివ్వండి.

ప్రశ్న (హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి): ఫోనులో అన్ని పాటలూ దొరుకుతున్న రోజుల్లో ఆల్బమ్‌ను వరుసగానే వినాలన్న పట్టుదల ఎందుకు? నచ్చిన పాటలు ఏరుకుని వింటే సరిపోదా?

జవాబు: ఏరుకుని వినడంలో తప్పేమీ లేదు. అయితే వరుస తెగితే ఏం పోతుందో నా అనుభవం ఒకటి చెబుతాను. 1990ల మొదట్లో కోఠి దగ్గర ఒక సందులో, ఖాళీ క్యాసెట్ ఇస్తే కోరిన ఆల్బమ్‌ను ఎక్కించి ఇచ్చే కొట్టు ఉండేది. అక్కడ 60 నిమిషాల క్యాసెట్ మీద ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ చేయించుకున్నాను. ఆ ఆల్బమ్‌లో మొత్తం ఎనిమిది పాటలు. మొదటి నాలుగు కలిసి 27 నిమిషాల లోపు, తరువాతి నాలుగు కలిసి 28 నిమిషాల లోపు. రెండు వైపులకూ హాయిగా సరిపోతాయి. కానీ ఆ కొట్టులో, మొదటి వైపు మిగిలిన మూడు నిమిషాల టేపు వృథా కాకూడదనుకున్నారో ఏమో, ఐదో పాటను అక్కడే మొదలుపెట్టారు. టేపు అయిపోగానే గిటార్ మధ్యలో టక్కున ఆగి, మీట పైకి లేచేది. క్యాసెట్ తిప్పితే రెండో వైపు ఆరో పాటతో మొదలయ్యేది. ఎనిమిది నిమిషాలకు పైగా ఉన్న ‘డిస్‌పోజబుల్ హీరోస్’ పాట నాకు ఏళ్ల తరబడి మూడు నిమిషాలే తెలుసు.

తరువాత సీడీ కొనుక్కుని పూర్తిగా విన్న రోజున ఆల్బమ్ మొత్తం ఒక్క ఆలోచన చుట్టూ తిరుగుతోందని తెలిసింది. రెండో పాటలో మత్తుకు లొంగిన మనిషి, నాలుగో పాటలో మానసిక చికిత్సాలయంలో బందీ అయిన మనిషి, ఐదో పాటలో పెద్దల ఆజ్ఞకు యుద్ధంలో బలయ్యే కుర్ర సైనికుడు, ఆరో పాటలో మతం పేరుతో డబ్బు దండుకునే బోధకుణ్ని నమ్ముకున్న మనిషి. ప్రతిచోటా ఒకరి చేతిలో మరొకరి తాడు. ఇన్ని గొంతుల తరువాత ఏడో పాటగా ‘ఒరాయన్’ వస్తుంది. అందులో ఎనిమిది నిమిషాలకు పైగా మాట అనేదే లేదు. మధ్యలో లయ మారి, వేగం తగ్గి, బేస్ గిటార్ ఒంటరిగా ముందుకు వచ్చే చోటు ఉంది. ఆ బేస్ వాయించిన క్లిఫ్ బర్టన్, ఆల్బమ్ వెలువడిన ఏడాదే సెప్టెంబర్ 27న, స్వీడన్‌లో బృందం ప్రయాణిస్తున్న బస్సు బోల్తా పడి 24 ఏళ్లకే చనిపోయాడు. ఆయన అంత్యక్రియల్లో ‘ఒరాయన్’నే వినిపించారు. ఏరుకున్న పాటల జాబితాలో ‘ఒరాయన్’ ఒక మంచి వాద్యఖండిక, అంతే. ఆరు పాటల తరువాత వచ్చినప్పుడు మాత్రం అంతవరకు బిగబట్టిన ఊపిరి వదిలినట్టుంటుంది.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు): ‘స్మోక్ ఆన్ ది వాటర్’ పాటలోని అగ్నిప్రమాదం నిజంగా జరిగిందా?

జవాబు: జరిగింది. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మాంత్రూ పట్టణంలో, అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఒకరు పేల్చిన నిప్పురవ్వల తుపాకీ వల్ల కాసినో కాలిపోయింది. ఆ కాసినోలోనే రికార్డింగ్ చేసుకుందామని వచ్చిన డీప్ పర్పుల్ బృందం, సరస్సు మీద పరచుకున్న పొగను చూసింది. ఆ తరువాత చలికాలానికి మూసివేసిన గ్రాండ్ హోటల్‌లో, నడవా గోడలకు పరుపులు ఆనించి, బయట నిలిపిన రికార్డింగ్ లారీకి తీగలు లాగి, ఈ పాట ఉన్న ‘మెషీన్ హెడ్’ను పూర్తి చేసింది. వాయించిన దానిని విని చూసుకోవాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుని లారీ దాకా వెళ్లవలసి రావడంతో, మాటిమాటికీ వెళ్లడం మానేసి వాయించడం మీదే మనసు పెట్టారట. ఆ జీవం ఆల్బమ్‌లో తెలుస్తుంది. జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ను (విద్యుత్తుతో మోగే మీటల వాద్యాన్ని) గిటార్ ఆంప్‌లోకి పంపి వాయించడం వల్ల, గిటార్ ఏదో ఆర్గన్ ఏదో కొన్నిచోట్ల చెప్పలేము.

ప్రశ్న (డాలస్ నుంచి ఒక తెలుగు పాఠకురాలు): మా పిల్లలు రాక్ వింటారు, మేము కర్ణాటక సంగీతం వింటాము. ఇద్దరమూ కలిసి వినదగిన ఆల్బమ్, అందులో తెలుగు మాటలున్నది, ఏదైనా ఉందా?

జవాబు: ఆగమ్ వారి ‘ఎ డ్రీమ్ టు రిమెంబర్’ మీకోసమే ఉన్నట్టుంది. ఇది బెంగళూరు బృందం. గాయకుడు హరీశ్ శివరామకృష్ణన్. ఇందులో త్యాగరాజస్వామి నళినకాంతి రాగ కృతి ‘మనవ్యాలకించరాదటే’ ఉంది. మనసునే ఎదుట కూర్చోబెట్టుకుని, నా మనవి వినరాదా, మర్మమంతా తెలుపుతానని బతిమాలే కృతి అది. నళినకాంతి స్వభావతః చురుకైన రాగం, వక్రసంచారాల వల్ల, అంటే వరుసగా కాక వెనక్కీ ముందుకూ నడవడం వల్ల, స్వరాలు గంతులు వేస్తున్నట్టుంటాయి. ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్ వచ్చి చేరినా ఆ గంతు చెడకపోవడం నాకు ఎంతో నచ్చింది. సంప్రదాయజ్ఞులకు కొన్నిచోట్ల అభ్యంతరం ఉండవచ్చు. సాహిత్యం ఉచ్చారణ మరింత తేటగా ఉంటే బాగుండునని నాకూ అనిపించింది. అయినా మీ ఇంట్లో రెండు తరాలు ఒకే స్పీకర్ ముందు కూర్చోవడానికి ఇది తగినది. ముందు మీకు తెలిసిన విద్వాంసుల గొంతులో ఆ కృతిని పిల్లలకు వినిపించి, వెంటనే దీనిని పెట్టండి.

‘రక్షక్’ను పిల్లలు మీకు వినిపించనివ్వండి. ఢోల్, వేణువు, మెటల్ గిటార్ కలిసి నడిచే ఆ పాటలు విన్నప్పుడల్లా, ఆ ఢోల్ స్థానంలో మన డప్పు ఉంటే ఎలా ఉంటుందోనని ఊహించుకుంటాను. మన యువకులెవరైనా ఆ పని చేస్తే మొదట వినేవారిలో నేనుంటాను.

ప్రశ్న (నెల్లూరు నుంచి ఒక పాఠకుడు): ఒకప్పుడు ఎంతో అభిమానించి, ఇప్పుడు పక్కన పెట్టిన ఆల్బమ్ ఉందా?

జవాబు: ఉంది. మెటాలికా వారిదే, 1988 నాటి ‘...అండ్ జస్టిస్ ఫర్ ఆల్’. రచన పరంగా గొప్పదే. అయితే క్లిఫ్ బర్టన్ తరువాత వచ్చిన జేసన్ న్యూస్టెడ్ బేస్ గిటార్ ఆ రికార్డులో దాదాపు వినిపించదు. పైన చెప్పిన మంద్ర షడ్జమపు మాట మీద నాకు గురి కుదిరిన తరువాత, ఆ లోటును మనసు ఒప్పుకోవడం లేదు.

ప్రశ్న (కర్నూలు నుంచి ఒక పాఠకుడు): వచ్చే నెల మీ వంతుల్లో ఏది చేరబోతోంది?

జవాబు: జూడాస్ ప్రీస్ట్ వారి ‘బ్రిటిష్ స్టీల్’ (1980). వీరు కూడా బర్మింగ్‌హామ్ ప్రాంతం వారే. బీటిల్స్ బృందంలో ఉన్న రింగో స్టార్ ఇల్లు టిటెన్‌హర్స్ట్ పార్క్‌లో దీనిని రికార్డు చేశారు. ‘బ్రేకింగ్ ది లా’లో గాజు పగిలే చప్పుడు కోసం పాలసీసాలు పగలగొట్టారు. ‘మెటల్ గాడ్స్’లో లోహపు మనుషులు నడిచి వస్తున్న చప్పుడు కోసం చెంచాలు, ఫోర్కులు, కత్తులు ఉన్న ట్రేను మైకు ముందు పట్టుకుని కుదిపారు. ఈ సంగతి తెలిసిన తరువాత ఒక రాత్రి ఆ పాటను ఇయర్‌ఫోన్స్‌లో పెట్టుకుని, చెంచాల చప్పుడు ఒక్కటే వేరుగా పట్టుకోగలరేమో చూసి నాకు రాయండి.